ఏకగ్రీవమని నేను రాసిన తీర్మానం

నేను పంచాయతీ సెక్రటరీని. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఏ వీధిలో లైటు వెలగకపోయినా ముందు నాకే ఫోన్ వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్లు తాండూరు వైపు ఒక ఊళ్లో పనిచేశాను. కాపురం వికారాబాద్‌లో. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి, ధారూర్ దాటాక ఒక చిన్న స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో పోయేదాన్ని. ఆ ఊళ్లో చేసిన పనుల్లో చాలామటుకు మరిచిపోయాను. ఒకటి మాత్రం మరిచిపోలేదు. అక్కడ నా చేత్తో నేను ఒక అబద్ధం రాశాను. దాన్ని పట్టుకుని ఆ ఊరు పదకొండు ఇళ్లవాళ్లను ఏం చేసిందో కళ్లారా చూశాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ముందు నా మీద, ఆ తర్వాత మిగతా అందరి మీద.

ఆ ఊళ్లో మూడు వందలకు పైగా ఇళ్లున్నాయి. ఎక్కువమంది భూములున్న రైతులు. కొందరికి తాండూరులో బండలు పాలిష్ పట్టే మిషన్లు, దుకాణాలు కూడా ఉన్నాయి. ఊరి చివర కుంట పక్కన పదకొండు ఇళ్లు కురుమలవి. గొర్రెలు కాచుకుని, ఉన్న కాస్త చెలకలో కందులు పండించుకుని బతికేవాళ్లు. వాళ్లు చనిపోయినవాళ్లను కాల్చరు, పూడుస్తారు. కుంటకు అవతల ఎర్రమట్టి దిబ్బ మీద వాళ్ల బొందలగడ్డ ఉంది. ఒక్కో సమాధి తలాపున ఒక షాబాద్ బండ నిలబెట్టి ఉండేది. కొన్నిటి మీద పేరు చెక్కించారు, కొన్నిటి మీద గొర్రె బొమ్మ, మరీ పాతవాటి మీద ఏమీ లేవు. రికార్డులో అది పంచాయతీ భూమి. శ్మశానమని ఎక్కడా రాసి లేదు. తాతల కాలం నుంచి అక్కడే పూడుస్తున్నారు కాబట్టి కాగితం సంగతి ఎవరికీ తట్టలేదు.

ఊరికి ఫంక్షన్ హాల్ కావాలన్న మాట నేను చేరకముందు నుంచీ ఉంది. అందులో తప్పేమీ లేదు. పెళ్లి చేయాలంటే తాండూరుకు పోవాలి, అక్కడ ముహూర్తాల రోజుల్లో హాలు దొరకడమే కష్టం. స్కూలు వెనక పంచాయతీదే ఇంకో జాగా ఉంది. కాకపోతే అది రాళ్ల నేల, చదును చేయాలి, రోడ్డు నుంచి నాలుగడుగులు లోపలికి పోవాలి. దిబ్బ అయితే తారురోడ్డు పక్కనే. కార్లు నిలుపుకోవడానికి బాగుంటుందని ఊరి పెద్దలకు దిబ్బే నచ్చింది.

సర్పంచ్ యాభై ఏళ్ల మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు. నాది మోమిన్‌పేట్ వైపు భూములున్న ఇల్లని తెలిసిన రోజు నుంచి నన్ను సొంత బిడ్డలాగే చూసుకున్నాడు. ఎండకు పోవద్దని ఆఫీసుకే మజ్జిగ పంపించేవాడు. ఆయన చెడ్డవాడని చెప్తే ఈ కథ తేలికైపోతుంది. ఆయన చెడ్డవాడు కాదు. తనకు ఓట్లేసిన వాళ్లకు మంచి చేయాలనుకున్నాడు. ఆ మంచికి అడ్డం వచ్చినవాళ్లు పదకొండు ఇళ్లవాళ్లే కావడం ఆయనకు చాలా చిన్న సంగతిగా కనబడింది.

గ్రామసభకు ముందు రోజు ఊళ్లో చాటింపు వేశారు. కురుమల వాడకు మాత్రం పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే, వాళ్లు గొర్లెంబడి పోతారు, ఇళ్లల్లో ఎవరుంటారన్నారు. అయినా ఎలాగో తెలిసి ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి, భుజం మీద గొంగడి. సభ మొదలయ్యేటప్పుడు హాజరు పట్టీలో అందరి దగ్గర సంతకాలు తీసుకున్నట్టే ఆయన దగ్గరా వేలిముద్ర తీసుకున్నాను.

నీళ్ల ట్యాంకు, వీధి లైట్ల సంగతులు అయ్యాక సర్పంచ్ హాలు సంగతి ఎత్తాడు. దిబ్బ మీద కడదామనుకుంటున్నామని, ఇష్టమున్నవాళ్లు చేతులెత్తమని అన్నాడు. పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నవాళ్లలో ఆ ముగ్గురు తప్ప అంతా చేతులెత్తారు. పెద్దాయన గొంగడి సర్దుకుని లేచి నిలబడ్డాడు. సర్పంచ్‌ను చూడలేదు, నన్ను చూశాడు.

"నేను ఒద్దంటున్న. గది గూడ రాసుకో బిడ్డా. ఆడ మా అయ్య ఉన్నడు. రెండేండ్ల కింద పోయిన నా ఇంటామె ఉన్నది."

వెనక నుంచి ఎవరో, వాళ్లేమన్నా లేచి వస్తారా అన్నారు. చాలామంది నవ్వారు. మిగతా ఇద్దరు కురుమలు కూడా లేచి తామూ ఒప్పుకోమని చెప్పారు. స్కూలు వెనక జాగా ఉంది కదా అని ఒకరు అడిగారు. సర్పంచ్ అది విననట్టే కాగితాలు సర్దుకున్నాడు. సభ ముగిసింది. జనం లేచి పోయారు.

నేను తీర్మానాల పుస్తకం తెరిచి, మెజారిటీ సభ్యులు ఆమోదించారని రాయబోతుంటే సర్పంచ్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెల్లగా, నచ్చజెప్పినట్టు మాట్లాడాడు.

"మూడు చేతులకు ఊరు ఆగుతదా మేడం? ఏకగ్రీవమని రాయుండ్రి. గట్లుంటెనే మీద ఫైలు కదుల్తది."

నాకు అప్పటికి ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. నా పనితీరు మీద ఆయన ఒక్క మాట చెడుగా చెప్తే చాలు. ఇది సాకు కాదు, అప్పుడు నా తలలో ఉన్నదేమిటో చెప్తున్నాను. 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాశాను. హాజరు పట్టీని వెనక జతచేశాను. వచ్చినందుకు పెద్దాయన వేసిన వేలిముద్ర, ఒప్పుకున్నందుకు వేసిన వేలిముద్ర అయిపోయింది. ఐదారు గీతల్లో అయిపోయింది ఆ పని. సాయంత్రం రైల్లో కూర్చుని మా అమ్మతో ఫోన్‌లో పచ్చడి గురించి మాట్లాడుకుంటూ ఇంటికి పోయాను. అదే ఇప్పుడు నాకు అన్నిటికంటే అసహ్యంగా అనిపించే సంగతి.

మూడు వారాలకు జేసీబీ వచ్చింది. కురుమల మగవాళ్లు మందతో బయటికి పోయిన వేళ చూసి తెచ్చారు. నాకు ఫోన్ వచ్చి నేను చేరేసరికి దిబ్బకు రోడ్డు వైపున్న అంచు చదునైపోయింది. పెద్దాయన కోడలు జేసీబీ ముందు, దాని పళ్లకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఆమె అరవడం లేదు. డ్రైవర్‌తో మామూలుగా మాట్లాడుతోంది.

"నా అత్త మీదికెళ్లి పోతవా? ముందుగాల నా మీదికెళ్లి పో."

డ్రైవర్ ఇంజన్ ఆపి కిందికి దిగాడు. అతను వేరే ఊరివాడు, ఇక్కడ సమాధులున్నాయని తనకెవరూ చెప్పలేదన్నాడు. నిజమే అయి ఉంటుంది. అప్పటికే అత్త సమాధి సగం పోయింది. బండ విరిగి రెండు ముక్కలుగా మట్టిలో పడి ఉంది. ఆమె నన్ను చూసి, మీరే కదా రాసింది అన్నట్టు ఒక్క చూపు చూసి తల తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు ఆ పదకొండు ఇళ్లవాళ్లు ఆటోలో తాండూరు పోయి ఒక వకీలును కలిశారు. ఆయన కోర్టులో దావా వేసి, కొద్ది రోజుల్లోనే స్టే తెచ్చాడు. కేసు తేలేదాకా ఆ నేల మీద ఎవరూ ఏ పనీ చేయకూడదని ఉత్తర్వు. ఆ కాగితం పంచాయతీ ఆఫీసుకు వస్తే నేనే సంతకం పెట్టి తీసుకున్నాను.

అప్పుడు చూశాను ఊరి కోపం. అంతవరకు కురుమల గురించి పట్టనివాళ్లకు కూడా ఊరిని కోర్టుకీడ్చారన్న రోషం పుట్టింది. ఎవరూ కాగితం మీద ఏమీ రాయలేదు, ఏ తీర్మానమూ చేయలేదు. వారం తిరక్కుండానే పిండి గిర్నీలో వాళ్ల జొన్నలు పట్టడం మానేశారు. షేర్ ఆటోవాళ్లు వాళ్లను ఎక్కించుకోలేదు. గర్భంతో ఉన్న ఒకామె ఆసుపత్రికి పోవడానికి స్టేషన్ దాకా నడిచింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ మంద మీద పడింది. ఎండాకాలంలో రైతులు గొర్రెల మందను తమ చేన్లలో పడుకోబెట్టించుకుంటారు. నేలకు ఎరువవుతుంది, కాపరికి గింజలు దక్కుతాయి. ఆ ఏడు ఊళ్లో ఒక్క రైతు కూడా వాళ్ల మందను పిలవలేదు. తమ చేనుకే నష్టమని తెలిసి కూడా పిలవలేదు. వాళ్లు మందలను తోలుకుని కర్ణాటక సరిహద్దు దాకా పోయి, భాష తెలియని ఊళ్లల్లో బతిమాలుకోవలసి వచ్చింది.

నేను పై అధికారి దగ్గరికి పోయి ఈ బందుల సంగతి చెప్పాను. ఆయన అంతా విన్నాడు. ఊరంతా ఒక దిక్కుంటే పదకొండు ఇళ్లు ఒక దిక్కున్నాయని, గ్రామసభ తీర్మానం కూడా ఏకగ్రీవమే కదా అని అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నేను పంపిన కాగితమే ఆయన టేబుల్ మీద ఉంది. ఏకగ్రీవం కాదు సార్ అని చెప్పకుండానే నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

మా నాన్నతో కూడా పోట్లాట అయింది. పండక్కి కాదు, ఊరికే ఒక ఆదివారం మోమిన్‌పేట్ పోతే ఈ మాట వచ్చింది. ఆయనకు ఆ సర్పంచ్ తెలుసు, రెండు ఇళ్ల మధ్య దూరపు చుట్టరికం కూడా ఉంది.

"ఊరోళ్లు ఓట్లేసి గెలిపించిన సర్పంచ్ ఒక దిక్కు. ఎవ్వడు ఓటెయ్యని జడ్జి ఒక దిక్కు. ఎవరి మాట నడ్వాలె? నువ్వే చెప్పు బిడ్డా."

దానికి జవాబు నాకు తిరుగు బస్సులో కూర్చున్నాక తోచింది. సర్పంచ్‌కు మూడు వందల ఇళ్ల ఓట్లు కావాలి కాబట్టే ఆయన చెవికి పదకొండు ఇళ్ల మాట వినబడలేదు. ఓట్లతో పని లేనివాళ్లు ఒక్కరైనా ఎక్కడో కూర్చుని వినకపోతే ఆ మాట ఇక ఎవరు వింటారు? మా ఇల్లు ఆ ఊళ్లో ఉండి ఉంటే మాదీ మూడు వందలలో ఒకటి అయ్యేది. అందుకే మా నాన్నకు ఆ ప్రశ్న అంత తేలిగ్గా వచ్చింది. లెక్కలో తాము ఎప్పుడూ ఎక్కువ వైపే ఉంటామన్న ధీమా ఉన్నవాళ్లకు లెక్కపెట్టడమే న్యాయంగా కనబడుతుంది.

కొన్నాళ్లకు కోర్టు ఒక యువ వకీలును కమిషనర్‌గా వేసింది. ఆ నేలను స్వయంగా చూసి, అక్కడ సమాధులు ఉన్నాయో లేవో రాసుకుని రావడం అతని పని. పంచాయతీ తరఫున నన్ను ఉండమన్నారు. ఆ పొద్దున దిబ్బ దగ్గరికి పోయాను. దిబ్బ మీద ఒక్క బండ లేదు. కమిషనర్ ఎప్పుడొస్తాడో తెలిసిన వాళ్లెవరో అన్నీ పీకేశారు. గుంతలు పూడ్చి, పైన కంపచెట్లు కొట్టి పడేశారు.

పంచాయతీ వకీలు, ఇక్కడ గొర్రెలు మేసే దిబ్బ తప్ప సమాధులేవీ లేవన్నాడు. సర్పంచ్ నేల చూపులు చూశాడు. పెద్దాయన మాత్రం తొందరపడలేదు. కంప పక్కకు నెట్టి, ఒక గుండురాయి దగ్గర నిలబడి అడుగులు వేస్తూ చెప్పుకుంటూ పోయాడు. ఇక్కడ మా అయ్య, ఇక్కడ మా పెద్దమ్మ, ఇక్కడ పురిట్లో పోయిన నా బిడ్డ. కమిషనర్ వెంట నడుస్తూ రాసుకున్నాడు. కానీ మాటకు మాట అడ్డమే కదా. కాగితం మీద అది ఒక ముసలాయన చెప్పిన మాట మాత్రమే అవుతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

అప్పుడు ఆయన కోడలు ముందుకు వచ్చి, సార్ ఒక్కసారి నాతోటి ఊళ్లకు రాండ్రి అంది. పంచాయతీ వకీలు అభ్యంతరం చెప్పాడు. చూస్తే పోయేదేముందని కమిషనర్ బయలుదేరాడు. ఆమె మమ్మల్ని నడివీధికి తీసుకుపోయింది. అక్కడ మురికి నీటి మోరీ మీద వారం కిందట కొత్తగా బండలు పరిచారు. ఎవరి ఇంటి ముందు వాళ్లు వేసుకున్నారేమో అనుకున్నాను నేను. ఆమె వంగి ఒక బండ అంచు పట్టుకుంది. ఒక్కతే లేపలేకపోతే కమిషనర్ ఫైలు కింద పెట్టి ఇంకో అంచు పట్టాడు. బండ తిరగబడింది. అడుగు వైపు మురికి కింద గొర్రె బొమ్మ. పక్కన పేరు. ఆమె కొంగుతో తుడిచింది. ఇంకో బండ లేపారు, దాని మీదా పేరు. మూడోదాని మీదా పేరు.

అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి లోపలికి పోయారు. వారం రోజులుగా నేను ఆ బండల మీద నడిచే ఆఫీసుకు పోయాను. నా చెప్పుల కింద ఒక మనిషి పేరుందని నాకు తెలియదు. తెలిసినవాళ్లు తెలిసే నడిచారు. ఆ రోజు నాలో ఏదో తెగిపోయింది. హాలు ఎక్కడ కట్టాలన్న దాని మీద భేదం ఉండొచ్చు. పక్కింటివాళ్ల తల్లి సమాధి రాయిని మురికి కాలవకు మూతగా వేయడానికి ఏ అభివృద్ధి పేరు పెట్టాలి? ఎన్ని చేతులు లేస్తే అది ఒప్పవుతుంది?

రెండు నెలలకు నాకు సమన్లు వచ్చాయి. తీర్మానాల పుస్తకం తీసుకుని తాండూరు కోర్టుకు రావాలి, సాక్ష్యం చెప్పాలి. దానికి ముందు ఆదివారం సర్పంచ్ తన భార్యతో కలిసి వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. సీతాఫలాలు తెచ్చారు. కోర్టు మాట చాలాసేపు ఎత్తనే లేదు. పోయేముందు చెప్పులు వేసుకుంటూ, మనం మనం ఒకటి కదా, పుస్తకంల ఉన్నది ఉన్నట్టు చెప్తే సాలు అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. పుస్తకంలో ఉన్నదే అబద్ధం. వాళ్లు పోయాక మా ఆయన, సరిగ్గా గుర్తు లేదని చెప్పెయ్, ఎవరికీ ఇబ్బంది ఉండదన్నాడు. ఆయన నా మంచికే అన్నాడు. అందరూ ఎవరో ఒకరి మంచికే మాట్లాడుతున్నారు. ఆ పదకొండు ఇళ్ల మంచికి తప్ప.

నేను కోర్టు లోపలికి పోవడం అదే మొదటిసారి. చిన్న గది, ఫ్యాన్ల చప్పుడు. జడ్జి దాదాపు నా వయసు ఆమె. వెనక బెంచీల మీద ఒక పక్క ఆ ఊరి రైతులు ముప్పై మంది దాకా, ఇంకో పక్క పెద్దాయన, ఆయన కోడలు, మరో ఇద్దరు. ప్రమాణం చేయించాక కురుమల వకీలు పుస్తకం నా ముందు పెట్టి, ఇది మీ చేతిరాతేనా అని అడిగాడు. అవునన్నాను.

"ఏకగ్రీవమంటే ఏమిటమ్మా?"

"సభలో ఉన్న అందరూ ఒప్పుకున్నారని."

"ఆ రోజు అందరూ ఒప్పుకున్నారా?"

నేను వెనక్కి చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు. "లేదు. ముగ్గురు లేచి వద్దని చెప్పారు. ఆ ముసలాయన నా మొహం చూసి రాసుకొమ్మన్నాడు. నేను రాయలేదు" అన్నాను. కురుమల వాడలో చాటింపు వేయలేదని, హాజరు కోసం తీసుకున్న వేలిముద్రను ఒప్పుకున్నట్టుగా వాడామని కూడా అడగకముందే చెప్పాను. జడ్జి పెన్ను ఆపి, మరి ఎందుకలా రాశారని అడిగింది. రాయమన్నారు, భయపడి రాశానన్నాను. ఆమె అది రాసుకుంది.

పంచాయతీ వకీలు లేచి నన్ను చాలాసేపు అడిగాడు. నేను అవతలివాళ్లతో కుమ్మక్కయ్యానన్నాడు. తర్వాత వాదనలో గ్రామసభే ఊరికి సర్వాధికారి అని, మూడు వందల ఇళ్ల ఇష్టాన్ని పదకొండు ఇళ్లు ఆపగలిగితే ఇక ప్రజాస్వామ్యం ఎందుకని గట్టిగా మాట్లాడాడు. వెనక బెంచీల్లో తలలు ఊగాయి. ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇంకా గుర్తుంది. ఆ ప్రజాస్వామ్యానికి సభ ముందు రోజు చాటింపు వేసేవాడిని ఒక్క వాడ అవతలికి పంపడానికి చేతకాలేదు. ఒద్దన్న మూడు గొంతులను పుస్తకంలో ఒక్క వరుసలో రాయడానికి చేతకాలేదు. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల మాట కూడా చెరిపేసి, అసలు ఓడినవాళ్లే లేరని రాయించుకున్నారు. దానికి ప్రజాస్వామ్యమని పేరు పెట్టి నా ముందే వాదిస్తున్నారు.

తీర్పు రావడానికి ఏడాది పైన పట్టింది. తీర్పు రోజు నేను సెలవు పెట్టి పోయాను. జడ్జి రాసిన దాంట్లో రెండు వైపులకూ చెప్పింది. హాలు కావాలా వద్దా, ఏ డిజైన్‌లో కట్టుకోవాలి అన్నవి ఊరు నిర్ణయించుకోవలసినవి, ఎక్కువమంది ఇష్టం ప్రకారమే నడవాలి, వాటిలో కోర్టు తలదూర్చదు అంది. కానీ ఒక వర్గం తరతరాలుగా తమవాళ్లను పూడ్చుకుంటున్న నేలను వాళ్ల మాట వినకుండా, చేతులు లెక్కపెట్టి తీసేసుకునే అధికారం గ్రామసభకు లేదంది. ఎక్కువమంది ఒక వైపు ఉన్నప్పుడే తక్కువమందికి కోర్టు అవసరం పడుతుందని రాసింది. దిబ్బ మీద ఏ కట్టడమూ చేయకూడదని శాశ్వతంగా ఆపింది. బండలు తిరిగి నిలబెట్టించమంది. నా గురించి కూడా ఒక వాక్యం ఉంది. సెక్రటరీ తన విధిని నిర్వర్తించలేదని. అది సరిగ్గానే ఉంది.

గిర్నీ బందు, ఆటోల బందు, మందను పిలవకపోవడం గురించి ఈ దావాలో తేల్చలేమని, అది వేరే ఫిర్యాదు అని కోర్టు చెప్పింది. పెద్దాయన కోడలు ఠాణాకు పోయి రాసిచ్చింది. రెండు పక్షాలను పిలిచి కూర్చోబెట్టి, కలిసిమెలిసి ఉండమని చెప్పి పంపించారు. ఎవరి గిర్నీలో ఎవరివి పట్టాలో చట్టం ఎలా చెప్తుందమ్మా అన్నారట. ఆ మాట ఆమె నాకు చెప్పినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

నాకు మెమో ఇచ్చారు. పర్మనెంట్ కావడం ఆలస్యమైంది. మోమిన్‌పేట్ వైపు వేరే ఊరికి బదిలీ చేశారు. తప్పుడు తీర్మానం రాసినందుకు ఆ మెమో అయితే తల వంచి తీసుకునేదాన్ని. అందులో రాసింది మాత్రం, పంచాయతీ ప్రయోజనాలకు విరుద్ధంగా సాక్ష్యమిచ్చానని. అబద్ధం రాసినన్నాళ్లు నా పనితీరు బాగుందని వాళ్ల ఫైల్లోనే ఉంది.

హాలును స్కూలు వెనకే కట్టారు. రాళ్లు తీయడానికి పది రోజులు పట్టింది, అంతే. చక్కగా ఉంది హాలు, కార్లు కూడా బాగానే నిలుస్తున్నాయి. బండల్లో దొరికినవి దొరికినట్టు తెచ్చి దిబ్బ మీద పాతారు. విరిగినవి విరిగినట్టే ఉన్నాయి. రెండేళ్లకు గిర్నీ వాళ్లకు మెల్లగా తెరుచుకుంది. ఎవరూ తప్పయిందని అనలేదు. అలవాటు మీద అలా సర్దుకుపోయారు.

పోయిన ఏడు పనిమీద తాండూరు పోయినప్పుడు గొర్రెల సంతలో పెద్దాయన కనబడ్డాడు. రెండు పొట్టేళ్లను తాడుతో పట్టుకుని నీడకు నిలబడి ఉన్నాడు. గుర్తుపట్టి బాగున్నావా బిడ్డా అన్నాడు. నేను చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నది చెప్పాను. ఆ రోజు మీ మాట రాయనందుకు క్షమించమన్నాను. ఆయన పొట్టేలు మెడ నిమిరాడు.

"కోర్టుల చెప్పినవు, మంచిగ చెప్పినవు. గా మాటే గా రోజు పుస్తకంల రాస్తే మాకు కోర్టు పనే పడకపోవు గద."

అందులో కోపం లేదు. తర్వాత ఆయనే జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించాడు. ఆ దిబ్బను రికార్డులో శ్మశానమని ఎక్కించమని తహసీల్ ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడట. రేపు ఇంకో సర్పంచ్ వస్తే మళ్లీ కోర్టు చుట్టూ తిరగలేనని ఆయన భయం. అర్జీ మీద జవాబు రాసి తిప్పి పంపారు. చదివి చెప్పమన్నాడు.

చదివాను. గ్రామసభ తీర్మానం జతచేసి మళ్లీ దరఖాస్తు చేసుకోవలెను అని ఉంది.

ఊరోళ్లు చేతులెత్తాల్నా మళ్ల, అని అడిగాడు. అక్కడే ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఆ కాగితం వెనక కాదు, కొత్త కాగితం కొని, మొదటి నుంచి అర్జీ రాశాను. కోర్టు తీర్పు ఉన్నచోట ఊరి తీర్మానం అవసరం లేదని, ఇంకా తీర్మానమే కావాలంటే ఆఫీసువాళ్లు దేని ఆధారంగా అడుగుతున్నారో రాసి ఇవ్వాలని, తీర్పు నకలు జతచేశామని రాశాను. పెద్దాయన వేలిముద్ర వేయబోతే ఆపాను. ముందు మొత్తం చదివి వినిపించాను. ఆయన ఒక చోట ఆపి, నా ఇంటామె పేరు గూడ రాయి అన్నాడు. రాశాను. అప్పుడు వేలిముద్ర వేశాడు.